పోయిన బల్బు స్థానంలో అదే బల్బు వెయ్యండి

మా బావగారి కారుకి కుడివైపు హెడ్‌లైటు పోయింది. రెండు మూడు వందల రూపాయల్లో తేలిపోయే పని. యాక్సెసరీస్ షాపుకి వెళ్ళి బల్బు అడిగితే అక్కడి కుర్రాడు, "హాలోజన్లు ఇంకా ఎవరు వాడుతున్నారు సార్, ఎల్‌ఈడీ వేసేస్తా, లైటు డబుల్ వస్తుంది" అన్నాడట. ఈయన సరేనని రెండు వైపులా వేయించుకుని వచ్చారు. రాత్రి కాంపౌండు గోడ మీద లైటు వేసి నాకు చూపించారు. గోడంతా తెల్లగా మెరిసిపోయింది.

కొన్నాళ్ళకి ఆ కార్లోనే సాగర్ దాటి మాచర్ల వైపు రాత్రిపూట వెళ్ళాం. ఎదురుగా వచ్చే ప్రతి రెండో బండీ మాకు డిప్పర్ కొడుతోంది. బావగారి లైటు లోబీమ్‌లోనే, అంటే కిందికి వంగి పడే డిప్‌లోనే ఉంది. "డిప్‌లోనే ఉంది కదా, ఎందుకు కొడుతున్నారు వీళ్ళు?" అని ఆయన విసుక్కున్నారు. ఒక లారీ మరీ గట్టిగా కొట్టేసరికి, దూరానికి కొట్టే తన హైబీమ్ ఒకసారి వేసి తీశారు. ఇప్పటిదాకా ఉన్నది లోబీమేనని వాడికి తెలియాలని. లారీ డ్రైవరుకి ఆ తేడా తెలిసి ఉంటుందని నేననుకోను. అతని కళ్ళకి రెండూ ఒకటే.

ఆ రాత్రి నుంచీ ఈ విషయం గురించి చాలామందితో వాదిస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే. హెడ్‌లైటు బల్బు పోతే, ఆ డూమ్‌ని (బల్బు కూర్చునే హెడ్‌లైటు గూడుని) ఏ బల్బు కోసం తయారుచేశారో సరిగ్గా అదే బల్బు మళ్ళీ వెయ్యాలి. వెలుగు చాలడం లేదనిపిస్తే ఎక్కడ తగ్గిపోతోందో వెతకాలి తప్ప బల్బు పెంచకూడదు. ఛాదస్తం అని కొందరు నా మొహం మీదే అన్నారు. ఎందుకు కాదనుకుంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

బల్బు ఎందుకు పోతుంది

మన రోడ్ల మీద మామూలు కార్లలో ఎక్కువగా కనిపించేది హెచ్4 హాలోజన్ బల్బు. 12 వోల్టులు, 60/55 వాట్లు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లుంటాయి. 60 వాట్లది హైబీమ్‌కి, 55 వాట్లది లోబీమ్‌కి. ఈ రకం 1971లో వచ్చింది. ఇంకా వాడకంలో ఉందంటే డిజైనులో బలం ఉన్నట్టే.

వెలుగుతున్నప్పుడు లోపలి టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీలు దాటి కాలుతుంది. ఆ వేడికి లోహం కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ ఉంటుంది. మామూలు బల్బులో ఆ ఆవిరి గాజుకి అంటుకుని నల్లబరుస్తుంది. హాలోజన్ బల్బులో అయితే లోపల ఉన్న అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ టంగ్‌స్టన్‌ని పట్టుకుని మళ్ళీ తీగ దగ్గరికి చేరుస్తుంది. గాజు తేటగా ఉండిపోతుంది. మరి అలా తిరిగి చేరిపోతుంటే బల్బు ఎప్పటికీ పోకూడదు కదా? చిక్కెక్కడంటే, లోహం పోయిన చోటికే తిరిగి రాదు. ఒకచోట తీగ సన్నబడితే అక్కడ వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా ఆవిరవుతుంది, ఇంకా సన్నబడుతుంది. చివరికి ఒకరోజు స్విచ్ వెయ్యగానే పుటుక్కుమంటుంది. స్విచ్ వేసినప్పుడే ఎందుకంటే, చల్లగా ఉన్న తీగకి నిరోధం చాలా తక్కువ. కాలుతున్నప్పుడు ఉండేదానిలో పదో వంతు దాకా పడిపోతుంది. అందుకే మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా దూసుకెళ్తుంది. బలహీనమైన చోటు ఆ దెబ్బకి తెగిపోతుంది.

ఇది సహజ మరణం. కొన్ని వందల గంటలు వెలిగాక ఏ బల్బయినా ఇలాగే పోతుంది. కానీ కొన్ని బళ్ళలో బల్బులు నెలలు తిరక్కుండానే పోతుంటాయి. అక్కడ తప్పు వేరే చోట ఉంటుంది, ఎక్కువగా వోల్టేజిలో. వోల్టేజి ఒక్క 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా ఉంటే మామూలే. 15 దాటుతోందంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ సంగతి చూడాలి. అది చూడకుండా బల్బుల మీద బల్బులు మారుస్తూ "ఈ కంపెనీ బల్బులు మంచివి కావు" అనేవాళ్ళని చూశాను. తర్వాతి కారణం అదురు. క్లిప్పు వదులైతే బల్బు గూట్లో వణుకుతుంది. మన స్పీడు బ్రేకర్లూ గుంతలూ సరేసరి.

పోయిన బల్బుని చెత్తబుట్టలో పడేసే ముందు ఒకసారి వెలుగులో పట్టుకుని చూడండి. గాజు తేటగా ఉండి తీగ మాత్రం తెగిందంటే ఆయుష్షు తీరిందనో, అదురుకి తెగిందనో అర్థం. గాజు లోపల వెండిరంగు మసి పట్టిందంటే బాగా పాతదైపోయిందనో, ఎక్కువ వోల్టేజికి కాలిందనో అనుమానించాలి. తెల్లటి, పసుప్పచ్చటి పొగలాంటి పూత ఉంటే లోపలికి గాలి దూరింది. గాజు మీద బొబ్బలాంటి ఉబ్బు ఉంటే దాన్ని బిగించినవాళ్ళు వట్టి వేళ్ళతో పట్టుకున్నారు. చేతి జిడ్డూ చెమటలోని ఉప్పూ క్వార్ట్జ్ గాజు మీద అంటితే, ఆ వేడికి అక్కడ గాజు స్వభావమే మారి బలహీనపడుతుంది.

ప్రమాదాలను దర్యాప్తు చేసేవాళ్ళు కూడా ఈ చిన్న తీగనే చూస్తారు. గుద్దుకున్న క్షణంలో లైటు వెలుగుతూ ఉంటే వేడికి మెత్తబడ్డ తీగ సాగి వంకరపోతుంది. ఆర్పి ఉంటే పెళుసుగా విరుగుతుంది. వెలుగుతుండగా గాజు పగిలితే గాలి తగిలి తీగ మీద ఆక్సైడు పేరుకుంటుంది. "లైటు వేసే ఉంది" అన్న మాట నిజమో కాదో చెప్పగల సాక్ష్యం అంత చిన్న వస్తువులో దాగి ఉంటుందని తెలిసినప్పటి నుంచీ, బల్బులంటే నాకు గౌరవం పెరిగింది.

వెలుగు తగ్గితే తప్పు బల్బుదేనా?

బావగారు ఎల్‌ఈడీకి ఒప్పుకోవడానికి అసలు కారణం షాపు కుర్రాడి మాట కాదు. "కొంతకాలంగా రాత్రిళ్ళు సరిగ్గా కనిపించడం లేదయ్యా" అన్నారు నాతో. అరవై దాటిన మనిషి. ఆ మాటని తేలిగ్గా తీసుకోలేను. వయసు పెరిగేకొద్దీ కంటికి ఎక్కువ వెలుగు కావాలి, అది నిజం. ఎదుటి లైటు కొట్టినప్పుడు తేరుకోవడానికి ఎక్కువ సమయం పట్టేదీ ఆ వయసు కళ్ళకే. శుక్లాలు మొదలైతే మరీను. అంటే ఎవరి కోసం వెలుగు పెంచుతున్నామో, ఎదురుగా వచ్చే వాళ్ళలో అలాంటివాళ్ళే ఈ వెలుగుకి ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఒక ఆదివారం ఆయన కారు నాకు అప్పగించమన్నాను. పదేళ్ళు దాటిన కారు. ముందుగా కనిపించింది డూమ్ మీద పసుపు మసక. ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపూత పోయి మసకబారుతుంది. మన ఎండల్లో, నీడ లేని పార్కింగులో ఇంకా త్వరగా. ఆ మసక వెలుగుని మింగడమే కాకుండా, మిగిలినదాన్ని కిందికీ పైకీ చెదరగొడుతుంది. దాని వెనక ఎంత గొప్ప బల్బు పెట్టినా చెదిరే వెలుగే పెరుగుతుంది.

తర్వాత పాత హాలోజన్లు బిగించి మల్టీమీటరు పెట్టాను. ఇంజను నడుస్తూ, లైట్లు వేసి ఉండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బల్బుకి వైర్లు తగిలించే కప్లర్ దగ్గర కొలిస్తే 12.4. వోల్టున్నరకి పైగా దారిలోనే పోతోంది. ఇందులో అసలు సంగతి ఏమిటంటే, హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. హెచ్4 బల్బుకి ప్రమాణాల ప్రకారం లోబీమ్‌లో 1,000, హైబీమ్‌లో 1,650 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని చెప్పేది 13.2 వోల్టుల దగ్గర. అదే బల్బుకి 12 వోల్టులే అందితే నాలుగో వంతుకి పైగా వెలుగు పోతుంది. బల్బు మంచిదే, దానికి తిండి అందడం లేదు.

వెతికితే ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు. కప్లర్‌లో ఒక పిన్ను కొంచెం నల్లబడి ఉంది. తుప్పు గీకి, కప్లర్ మార్పించి కొలిస్తే 13.4. డూమ్‌ని నీటి కాగితంతో తడిపి రుద్ది, పాలిష్ చేయించి, పైన ఎండని ఆపే పూత వేయించాం. ఈ పూత లేకుండా వట్టి పాలిష్‌తో ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. టూత్‌పేస్టు చిట్కా కూడా అంతే, నాలుగు రోజుల ముచ్చట. ఆ తర్వాత కొత్త హాలోజన్ల జత వేశాం.

బావగారు ఏమన్నారో కూడా రాయాలి, లేకపోతే నా పక్షమే చెప్పినట్టవుతుంది. "దూరం బాగానే కనిపిస్తోంది, కానీ బండి ముందు మాత్రం ఎల్‌ఈడీయే బాగుండేది" అన్నారు. ఆయన చూసింది నిజమే. కానీ బండి ముందు పది పదిహేను అడుగుల నేల తెల్లగా వెలిగిపోతే మనకి బాగా కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ వెలుగుకి కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న చీకటి మరింత చీకటవుతుంది. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నప్పుడు బండి ముక్కు దగ్గర ఉన్న గుంతని ఎంత బాగా చూసినా చెయ్యగలిగింది ఏమీ లేదు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు, వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు, వీటిని చూడాల్సింది దూరం నుంచి.

ఫిలమెంటు ఎక్కడుందన్నదే ముఖ్యం

ఎల్‌ఈడీ కంటే ముందు మన దగ్గర రాజ్యమేలింది నైంటీ-హండ్రెడ్ బల్బు, అంటే లోబీమ్‌కి 90, హైబీమ్‌కి 100 వాట్లది. ఇప్పటికీ విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది. చూడ్డానికి హెచ్4 లాగే ఉంటుంది, సరిగ్గా సరిపోతుంది. కానీ 60 వాట్ల బల్బు సుమారు 5 ఆంపియర్లు లాగే చోట 100 వాట్లది 8 పైచిలుకు లాగుతుంది. రెండు బల్బులకీ కలిపి 16 దాటుతుంది. బండితో వచ్చిన సన్న వైర్లూ స్విచ్చీ దానికోసం చేసినవి కావు. కప్లర్ కరగడం, వైరు మీద ప్లాస్టిక్ ఎండి పెళుసెక్కడం, డూమ్ లోపలి వెండి పూత కమలడం ఇలా మొదలవుతాయి. పూత కమిలాక మళ్ళీ మామూలు బల్బు వేసినా పాత వెలుగు రాదు. రిలే (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు కలిపే స్విచ్చు) పెట్టి లావు వైర్లు వేయిస్తే వైరింగు బాధ తీరుతుంది, నిజమే. పూతకి తగిలే వేడి తగ్గదు, ఎదుటివాడి కంట్లో పడే వెలుగూ తగ్గదు. అదే రిలే కిట్టుని 60/55 బల్బులకి వేయించుకుంటే నేను కాదనను. అది బల్బుకి పూర్తి వోల్టేజి అందించే పని.

ఎల్‌ఈడీ విషయంలో వైరింగు ఇబ్బంది లేదు, కరెంటు తక్కువే లాగుతుంది. ఇక్కడ తగాదా ఆకారంతో. హెచ్4 లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఫిలమెంటు నుంచి కిందికి వెళ్ళే వెలుగుని అది ఆపేస్తుంది. అందువల్ల డూమ్ లోపలి వెండి పూత అద్దం, అంటే రిఫ్లెక్టర్‌లో పైసగానికే వెలుగు తగిలి, రోడ్డు మీదికి వంగి పడుతుంది. గోడ మీద లోబీమ్ వేసినప్పుడు కనిపించే గీత, పైన చీకటి, కింద వెలుగు, ఎడమపక్క కొంచెం పైకి లేచిన అంచు, ఇదంతా ఆ దొప్పా ఆ రిఫ్లెక్టరూ కలిసి చేసే పని. ఎడమవైపే ఎందుకు లేస్తుందంటే మనం ఎడమన నడుపుతాం కాబట్టి. నడిచేవాళ్ళూ మైలురాళ్ళూ అటు కనిపించాలి, కుడిపక్క ఎదురొచ్చేవాడి కళ్ళు బతకాలి. ఫిలమెంటు ఉండాల్సిన చోటు నుంచి మిల్లీమీటరు జరిగినా ఈ లెక్క చెడుతుంది.

ఇప్పుడు ఆ గూట్లో ఒక పలక మీద రెండు పక్కలా చిప్పులు అంటించిన ఎల్‌ఈడీని పెట్టారనుకోండి. ఫిలమెంటు అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది, ఈ చిప్పులు రెండు పక్కలకే ఎక్కువగా చిమ్ముతాయి. చిప్పుల మధ్య పలక మందం వల్ల వెలుగు పుట్టే చోటే మారిపోతుంది. గీత చెదిరి వెలుగు పైకి పాకుతుంది. బావగారి గోడ మీద నేను చూసింది అదే. వెలుగు ఎక్కువగా ఉంది, గీత లేదు.

"ఫ్యాక్టరీ నుంచి ఎల్‌ఈడీతో వచ్చే కార్లు లేవా?" అని అడుగుతారు. ఉన్నాయి, బాగుంటాయి కూడా. వాటి లెన్సూ రిఫ్లెక్టరూ ఎల్‌ఈడీ కోసమే లెక్కగట్టి చేసినవి. "మంచి కంపెనీ ఎల్‌ఈడీ బల్బులు ఫిలమెంటు కొలతలకి దగ్గరగా చేస్తున్నారు కదా?" అని కూడా అడుగుతారు. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. జర్మనీలో 2020 నుంచి హాలోజన్ స్థానంలో వేసుకునే కొన్ని ఎల్‌ఈడీ బల్బులకి అనుమతి ఇస్తున్నారు. కానీ అక్కడ ఇచ్చేది ఏ కారుకైనా వేసుకోమనే అనుమతి కాదు. ఫలానా కారు, ఫలానా హెడ్‌లైటు, ఫలానా బల్బు, మూడూ కలిపి పరీక్షించి నెగ్గితేనే. నా వాదనకి అది ఎదురు కాదు, బలమే. ఆ పరీక్ష ఇక్కడా జరిగి, నా కారు మోడల్ పేరు జాబితాలో ఉంటే నేనూ సంతోషంగా మారుస్తాను. షాపు కుర్రాడి "డబుల్ లైటు" మాట ఆ పరీక్షకి సాటి రాదు.

మన చట్టం కూడా వెలుగు ఎంత అని మాత్రమే చూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో 106వ నియమం ప్రకారం, లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. ఎంతంటే, లైటుకి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి 0.5 మీటరు పక్కకి, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కళ్ళున్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదు. కుడిపక్కనే ఎందుకు? ఎదురొచ్చేవాడు అటే ఉంటాడు కాబట్టి. ఒకప్పుడు లారీలకీ బస్సులకీ హెడ్‌లైటు పైభాగాన నల్లరంగు పూయించేవారు, కార్లకి మధ్యలో నల్ల స్టిక్కరు వేయించేవారు. ఆ ఉపాయం వెలుగుని తగ్గించిందే గాని సరైన చోట పడేలా చెయ్యలేదు. కానీ ఎదుటివాడి కళ్ళు కూడా మన బాధ్యతేనన్న ఆలోచన అయినా దాని వెనక ఉండేది.

నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న వేరే ఉంది. "అందరూ కళ్ళల్లో కొడుతుంటే నేనొక్కణ్ణే మంచిగా ఉండి గుడ్డివాణ్ణి కావాలా?" అని. దీనికి నా దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదు. ఆ కోపం నాకూ వస్తుంది. కానీ ఎదుటివాడి లైటు నా కళ్ళని కప్పేసినప్పుడు, నా లైటు పెంచినందువల్ల నాకు అదనంగా ఏమీ కనిపించదు. ఇద్దరం ఒకేసారి గుడ్డివాళ్ళమై నూరేసి కిలోమీటర్ల వేగంతో ఒకరి పక్కగా ఒకరం వెళ్ళిపోతాం, అంతే. మధ్యలో సైకిలు మీద వెళ్ళే మనిషి ఇద్దరికీ కనిపించడు.

ఒంటి లైటు బండి

హెడ్‌లైటు మనం చూడ్డానికే కాదు, మనం కనిపించడానికి కూడా. రాత్రి రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా ఒక్క లైటు వస్తుంటే ఏమనుకుంటాం? బైకు అనుకుంటాం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చాక పగలు కూడా మన కళ్ళు దీనికి అలవాటు పడిపోయాయి. ఒక్క లైటంటే బైకు, బైకంటే రోడ్డు అంచున ఉంటుంది, మనకి చోటుంటుంది. ఆ లెక్కతోనే ముందు లారీని దాటడానికి పక్కకి వస్తాం.

ఆ ఒక్క లైటు కారుదో టాటా ఏస్‌దో అయితే? అందులోనూ పోయింది కుడివైపు లైటైతే, రోడ్డు మధ్య వైపున్న బండి సగం పూర్తిగా చీకట్లో ఉంటుంది. ఎదుటివాడు ఖాళీ అనుకున్న చోటే బండి ఉంటుంది. అందుకే కుడి బల్బు పోయిన రాత్రి "ఎడమది ఉందిగా, ఇంటికి చేరిపోదాం" అనడం నాకు భయం కలిగిస్తుంది. తప్పనిసరైతే లోబీమ్ పోయి హైబీమ్ ఉన్నా సరే హైబీమ్‌తో వెళ్ళకండి. మిగిలిన లోబీమ్‌తో పాటు పార్కింగ్ లైట్లూ వేసి, వేగం బాగా తగ్గించి, దగ్గర్లో ఉన్న బంకు దగ్గరో ధాబా దగ్గరో ఆగి మార్చుకోవడమే మేలు. దానికి బల్బు బండిలో ఉండాలి.

స్పేర్ బల్బు ఎక్కడినుంచి వస్తుందంటే, రెండూ కలిపి మార్చినప్పుడు వస్తుంది. రెండు బల్బులూ ఒకే రోజు బండికి చేరి, ఒకే గంటలు వెలిగాయి. ఒకటి పోయిందంటే రెండోది కూడా చివరికొచ్చినట్టే. బాగున్నదాన్ని తీసెయ్యడం దుబారా కదా అన్న అనుమానం నాకూ ఉండేది. దాన్ని పారెయ్యొద్దు, కొత్త బల్బు వచ్చిన డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డులో ఉంచండి. రాత్రి రోడ్డు మీద అక్కరకొస్తుంది.

మార్చే పని

ఈ పని ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. లైట్లు ఆర్పి, తాళంచెవి తీసేసి, బల్బు చల్లారేదాకా ఆగండి. బోనెట్ ఎత్తి డూమ్ వెనక చూస్తే మూడు పిన్నుల కప్లర్ కనిపిస్తుంది. వైర్లు పట్టుకు లాగకుండా కప్లర్‌నే పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదుపుతూ వెనక్కి లాగాలి. చాలాకాలం కదపనిదైతే మొండికేస్తుంది, ఓపిక కావాలి. లాగిన కప్లర్‌లో పిన్నులు చూడండి. గోధుమరంగులోనో నల్లగానో కమిలి ఉంటే కొత్త బల్బు కంటే ముందు కప్లర్ మార్చాలి, లేకపోతే కొత్త బల్బు కూడా అదే దారి పడుతుంది.

దాని వెనక రబ్బరు కవరుంటుంది. ఏ వైపు పైకి ఉందో గుర్తుపెట్టుకుని ఊడదీయండి. లోపల సన్నటి స్ప్రింగు క్లిప్పు. దాన్ని లోపలికి నొక్కి పక్కకి జరిపితే వదులుతుంది. ఎలా తగిలించి ఉందో ముందే ఫోన్లో ఫొటో తీసుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు. పాత బల్బు తీసి, కొత్తదాన్ని లోహపు అడుగు దగ్గర పట్టుకుని పెట్టండి. అడుగున మూడు చెవులుంటాయి, ఒక్క తీరులోనే సరిగ్గా కూర్చుంటుంది. బలవంతం చెయ్యాల్సి వస్తోందంటే తిరగబడి ఉంది. గాజుకి వేలు తగిలిందనుకోండి, శుభ్రమైన గుడ్డకి సర్జికల్ స్పిరిట్ అద్ది తుడిచేస్తే సరి.

క్లిప్పు బిగించాక రబ్బరు కవరు చుట్టూ గట్టిగా నొక్కాలి. తొందరలో దీన్నే నిర్లక్ష్యం చేస్తారు. కవరు సరిగ్గా కూర్చోకపోతే వానాకాలంలో డూమ్ లోపల ఆవిరి పట్టి, వెండి పూత పాడవుతుంది. బల్బుకి రెండొందలు, డూమ్‌కి వేల రూపాయలు.

కొత్త బల్బు వేసినా వెలగకపోతే పనిచేసే పక్క బల్బుని ఇటు మార్చి చూడండి. అదీ వెలగకపోతే ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో ఎడమ, కుడి లైట్లకి వేర్వేరు ఫ్యూజులుంటాయి. రెండు లోబీములూ ఒకేసారి పోతే బల్బుల కంటే ముందు ఫ్యూజునీ రిలేనీ స్విచ్‌నీ అనుమానించాలి. కొన్ని కార్లలో బ్యాటరీయో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో అడ్డంగా ఉంటుంది, కొన్నిటికి బంపరే విప్పాలి. అలాంటి డిజైను చేసినవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం. రాత్రి దారిలో పోయే వస్తువుని దారిలో మార్చుకునేలా చెయ్యాలి.

అయ్యాక చదునైన చోట, గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపి లోబీమ్ వెయ్యండి. గోడ మీద గీత, బండిలో బల్బు ఉన్న ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి. స్టీరింగు పక్కన 0 నుంచి 3 అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. అది లైటుని కిందికి వంచడానికే. వెనక సీట్లో ముగ్గురూ డిక్కీలో సామానూ ఉన్నప్పుడు బండి ముక్కు లేస్తుంది, లైటూ లేస్తుంది. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఆ చక్రాన్ని తిప్పేవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

ఎవరు చూస్తారు

ఇంత చెప్పాక కూడా ఒక వెలితి ఉంది. ఒక్కొక్కరికీ నచ్చజెప్పి రోడ్ల మీద మిరుమిట్లు తగ్గించలేం. లారీలకీ ట్యాక్సీలకీ ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, అది ఎంత శ్రద్ధగా జరుగుతుందన్నది వేరే సంగతి. సొంత కారుకి మాత్రం కొన్నరోజు నుంచి 15 ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ దాకా హెడ్‌లైటు ఎటు కొడుతోందో అధికారికంగా చూసేవారే లేరు. అదే కారు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం మాత్రం బంకు పక్కన గుడారంలో ఆగుతూనే ఉంటుంది.

ఆ ఆగిన చోటే లైటు కూడా చూడొచ్చు కదా అన్నది నా ప్రతిపాదన. బీమ్ కొలిచే పరికరం పెద్ద యంత్రమేమీ కాదు. చక్రాల స్టాండు మీద ఒక పెట్టె, దాని లోపల లెన్సూ తెరా. లైటు ముందుకి తోసి చూస్తే గీత ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు మూడు నిమిషాల పని. మా స్నేహితుడొకాయన దీనికి వెంటనే అడ్డు చెప్పాడు. "పొగ పరీక్షే బండి చూడకుండా కాగితం ఇచ్చేస్తున్నారు, లైటు పరీక్షకి ఇంకో వంద తీసుకుని ఇంకో కాగితం ఇస్తారు" అన్నాడు. కాదనలేను. కొన్నిచోట్ల అలా జరుగుతుందనే నాకూ తెలుసు.

అయినా సరే ఆ ప్రతిపాదన వదులుకోను. పొగకీ లైటుకీ ఒక తేడా ఉంది. పొగ కొలత బండి యజమానికి కనిపించదు, ఎంతొచ్చిందో కాగితం మీద చూడాల్సిందే. లైటు గీత తెర మీద అతని కళ్ళ ముందే పడుతుంది. బావగారికి గోడ మీద పాత ఎల్‌ఈడీ వెలుగునీ కొత్త హాలోజన్ గీతనీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించినప్పుడు నేను వాదించాల్సిన అవసరమే రాలేదు. "ఓహో, పైకి పోతున్నది వాళ్ళ కళ్ళలోకన్నమాట" అని ఆయనే అన్నారు. మా కాలనీలో వచ్చే నెల ఒక సాయంత్రం పార్కు గోడకి గీత గీసి, ఎవరి లైటు వాళ్ళు చూసుకునే ఏర్పాటు చేద్దామని అసోసియేషన్‌లో అడిగాను. ఒప్పుకున్నారు. స్క్రూడ్రైవరు పట్టుకుని నేనుంటాను.